డాలస్ లాన్‌కు వరిమడి వ్యవసాయం వద్దు

సంక్రాంతికి విజయనగరం వచ్చిన ఎన్నారైని పట్టుకుని మనవాళ్లు అడిగేవి సాధారణంగా వీసాల సంగతులో, పెళ్లి సంబంధాల సంగతులో అయి ఉంటాయి. ఈసారి గడ్డి సంగతి వచ్చింది. చీపురుపల్లి వైపు రైతు ఒకాయన ఫోనులో ఫొటో చూపించారు. వాళ్ల అబ్బాయి అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ శివార్లలో నిరుడు కొన్న ఇల్లు, దాని ముందు వరిగడ్డి రంగులో లాన్. “రోజూ నీళ్లు పెట్టి యూరియా చల్లమంటున్నాను, వినడం లేదు” అని తండ్రి బాధ. మొత్తం పీకించి కొత్తది పరిపించాలా అని కొడుకు సందేహం. ఇద్దరికీ ఒకటే జవాబు: ఇప్పుడు ఏమీ చేయకండి.

ఎండ తగిలే వాకిళ్లలో అక్కడ ఎక్కువగా పరిచేది బెర్ముడా గడ్డి. అంటే మన గరికే. చవితినాడు వినాయకుడికి పెట్టేదీ అదే, శనగచేలో గునపంతో తవ్వినా చావనిదీ అదే. మీ నాన్నగారు జన్మంతా ఏ గడ్డిని గట్ల మీద నుంచి పెరికి పారేశారో, దాన్ని బతికించడానికి మీరు నీళ్ల బిల్లు కడుతున్నారు. నవంబరు చివర్లో మంచు తగలగానే అది గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది, మార్చిలో చిగురిస్తుంది. అనుమానముంటే వంగి నేలను ఆనుకుని ఉన్న కణుపులను చూడండి. గట్టిగా, తెల్లగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. లాగితే వేరు లేకుండా చేతికి ఊడి వస్తే ఆ మేరకు పోయినట్టు. చలికాలంలో నెల రోజులు చినుకు పడకపోతే ఒక తడి ఇవ్వండి, చాలు.

అసలు పరీక్ష జూలైలో మొదలవుతుంది. మనవాళ్లు పొరబడేది వాన లెక్క దగ్గర కాదు, వాన క్యాలెండరు దగ్గర. డాలస్‌లో ఏడాదికి సుమారు 940 మిల్లీమీటర్లు కురుస్తుంది, మన జిల్లాలతో పోలిస్తే మరీ తక్కువేమీ కాదు. కాకపోతే మనకు నాగావళి, చంపావతి నిండే జూలై, ఆగస్టుల్లోనే అక్కడ బెట్ట. మేలో కురిసి ఆగిపోతుంది, మళ్లీ శరదృతువు దాకా ఆకాశం వైపు చూడాల్సిందే. మధ్యలో 38 డిగ్రీలు దాటిన రోజులు వరసగా వస్తాయి. 2011లో అయితే టెక్సాస్ చరిత్రలోనే అతి పొడి సంవత్సరం చూశాం.

పల్లపు భూమి ఉన్న ఇంటి నుంచి వచ్చినవాళ్లకు నీళ్లు నిలబెట్టడమే సాగు. లాన్‌ను మెట్ట పైరుగా చూడండి. రోజూ పది నిమిషాలు తడిపితే వేళ్లు పైపైనే ఉండిపోయి, తొలి వడగాలికే వాడిపోతాయి. వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడిపితే వేళ్లు నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. నడివేసవిలో వారానికి మొత్తం ఒక అంగుళం నీరు మించనక్కర్లేదు. అదీ తక్కువ కాదు: వెయ్యి చదరపు అడుగులకు ఒక అంగుళమంటే 623 గ్యాలన్లు, సుమారు 2,360 లీటర్లు. ఐదువేల చదరపు అడుగుల లాన్‌కు మన ఇళ్ల మీది వెయ్యి లీటర్ల ట్యాంకులు పన్నెండు దాకా ఖాళీ అవుతాయి.

ఎంత పడుతోందో తెలియాలంటే లాన్‌లో అక్కడక్కడ ఖాళీ డబ్బాలు పెట్టి స్ప్రింక్లరు తిప్పండి, స్కేలుతో కొలవండి. అక్కడి నేల నల్లరేగడి లాంటి బంక మట్టి. ఒక్కసారిగా పోస్తే సగం నీరు రోడ్డు పక్క కాలువలోకి పోతుంది. నీళ్లు పెట్టే సమయాన్ని మూడు విడతలు చేసి, మధ్యలో అరగంట, గంట విరామం ఇచ్చేలా స్ప్రింక్లర్లను నడిపే కంట్రోలరులో అమర్చండి. తెల్లవారకముందే ముగిసిపోవాలి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. డాలస్ నగరంలో వారానికి రెండు రోజులకు మించి స్ప్రింక్లర్లు వాడకూడదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా అసలే నిషేధం. శివారు పట్టణాలకు వేరే నియమాలుంటాయి, మీ పట్టణం వెబ్‌సైటులో చూసుకోండి.

దాహం వేసిన గడ్డి ముందే చెబుతుంది. నడిచిన అడుగు జాడ పైకి లేవదు, ఆకు ముడుచుకుని నీలంగా మారుతుంది. అప్పుడు తడి ఇవ్వండి. ఆంక్షలు బిగిస్తే గరికను నిద్రపోనివ్వండి. మూడు నాలుగు వారాలకోసారి ఒక తడి దొరికితే కణుపులు బతికే ఉంటాయి.

ఇక యూరియా. నిద్రలో ఉన్న గడ్డికి ఎరువు వేయడం అంటే కలుపుకు వేయడమే. పూర్తిగా పచ్చబడి, రెండుసార్లు కోసిన తర్వాత, అంటే ఏప్రిల్‌లో వేయండి. బెట్టలో అస్సలు వద్దు. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వ్యవసాయ విస్తరణ విభాగం మట్టి పరీక్ష చేస్తుంది. సంచీ కొనేముందు ఆ పని చేయించండి. కలుపు గింజ మొలవకముందు చల్లే మందు ఫిబ్రవరి చివరికల్లా పడాలి. ఎరువు, కలుపు మందు కలిపి అమ్మే సంచీ నాకు నచ్చదు. రెండింటి అదనూ ఒకటి కాదు, పైగా చెట్ల వేళ్లకు చేటు.

కోతకు ఒక్కటే నియమం: ఒకసారి మూడో వంతుకు మించి కోయకండి. కోసిన గడ్డిని అక్కడే వదిలేస్తే కొంత నత్రజని తిరిగి వస్తుంది.

చెట్ల నీడ ఉన్న ఇళ్లలో సెయింట్ అగస్టీన్ అనే వెడల్పాకు గడ్డి ఉంటుంది. దానికి నీరు ఎక్కువ కావాలి. కాలిబాట పక్కన మచ్చలుగా ఎండిపోతే బెట్ట అనుకుని నీళ్లు పోస్తూ కూర్చోకండి. మచ్చ అంచున గడ్డి విడదీసి చూడండి. తెల్ల రెక్కల నల్లని చిన్న పురుగులు కనిపిస్తే అవి గడ్డి రసం పీల్చే చించ్ బగ్‌లు, నీళ్లకు పోవు.

లాన్ ఎండిపోయిందని మీ కాలనీ గృహ యజమానుల సంఘం నుంచి ఉత్తరం వస్తే కంగారు పడకుండా, పట్టణం విధించిన నీటి ఆంక్షల ప్రతి జతచేసి రాతపూర్వకంగా జవాబివ్వండి. బెట్టకు తట్టుకునే మొక్కలను సంఘం నిషేధించకూడదని 2013 నుంచి టెక్సాస్ చట్టం ఉంది. ఏ మొక్కలు ఎక్కడ వేస్తారో చూపే నమూనాకు ముందుగా అనుమతి తీసుకోమని మాత్రం అడగవచ్చు.

నీళ్లు కొంచెమే ఉన్నప్పుడు మొదటి వాటా గడ్డిది కాదు. పెద్ద చెట్లకు ఇవ్వండి, ఆ తర్వాత పునాది చుట్టూ. బంక మట్టి ఎండి కుంచించుకుంటే గోడలు బీటలిస్తాయి. అందుకే అక్కడివాళ్లు పునాది వెంట నీరు ఊరే గొట్టం పరుస్తారు. వెనక పెరడంతా గడ్డి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గోంగూర, బెండ డాలస్ ఎండకు బెదరవు. కంచె వెంట నాలుగు మళ్లు చేసి డ్రిప్ పైపు వేస్తే గడ్డికి పోసే నీళ్లలో చిన్న వాటాతోనే కూర చేతికొస్తుంది. ఇంటి ముందు భాగంలో మాత్రం సంఘాన్ని అడగకుండా కూరమళ్లు వేయకండి.