సముద్రం లేని ఊరి బిడ్డకు సముద్రం చదువెందుకు?

ప్రశ్న: మా బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. సముద్రం ముందుకొచ్చి ఊళ్లు పోతుంటే అక్కడి జనం ఎట్లా తట్టుకుంటారో, వాళ్లకు ఏం చేయొచ్చో చదువుతా అంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో క్లైమేట్ డిగ్రీ ఉందట, ఏడాదికి మూడు లక్షలు. నేను నర్సింగ్ అంటున్నాను. రెండింట్లో ఏది మేలు? మా నాయన ఊరు శ్రీశైలం నీళ్లలో పోయింది. నీళ్లతో మాకు ఒకసారి చాలు. – కొల్లాపూర్ వైపు నుంచి ఒక తండ్రి

జవాబు: అన్నా, ఫీజు గురించి, ఉద్యోగం గురించి రాశారు గానీ మీ అసలు భయం చివరి మాటలో ఉంది. కొల్లాపూర్, అలంపూర్ వైపు నుంచి ఇట్లాంటి ఉత్తరాలు నాకు చాలా వచ్చాయి. కోర్సు పేరు మారుతుంది, కింద ఉన్న భయం మారదు. ఉన్న ఊరు పోయిన ఇంట్లో పిల్ల దూరం పోతానంటే గుండె జారుతుంది. అందులో తప్పేం లేదు.

అయితే మీ బిడ్డకు ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారైనా అడిగారా? ఏడాదికి మూడు లక్షలు ఎట్లా తేవాలా అని లెక్కలేసుకున్నారు, పక్కన కూర్చోబెట్టుకుని "ఎందుకమ్మా" అని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. పరిహారం ఎంతిచ్చారు, సోమశిల గుళ్లను విప్పి ఒడ్డు మీద మళ్లీ ఎట్లా కట్టారు, ముంపు కుటుంబాలకు ఉద్యోగం ఇస్తామన్న 98 జీవో పట్టుకుని ఎన్నేళ్లు తిరిగారు. ఇవన్నీ మీ ఇంట్లో ఆ పిల్ల వింటూ పెరిగిన మాటలే. ఆమె వింత కోరిక కోరడం లేదు. మీ ఇంటి ప్రశ్ననే ఇంకో ఊరి గురించి అడుగుతోంది.

ఒడిశాలో కేంద్రపడ జిల్లా సతభాయ అనే చోట ఊళ్లకు ఊళ్లను సముద్రం తినేసింది. మిగిలిన వాళ్లను బగపటియా అనే చోటికి తరలించి ఇంటి స్థలాలు ఇచ్చారు. మరి సాగుభూమి ఏది, వేటకు ఎక్కడికి పోవాలి? 1980ల మొదట్లో మీ నాయన వాళ్లు అడిగిందీ ఇదే కదా. కాకినాడ పక్కన ఉప్పాడలో గట్టు కాపాడేందుకు ఇసుక నింపిన పెద్ద పెద్ద జియోట్యూబులు వేశారు. అయినా కోత ఆగలేదు. దేశం తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క తేల్చింది.

మన ఊరికి దీనితో సంబంధం లేదనుకోకండి. మీ ముందు పారే కృష్ణే దివిసీమకు పోతుంది. ఆ నది తెచ్చే ఒండ్రుమట్టి శ్రీశైలం, సాగర్ లాంటి డ్యాముల వెనక ఆగిపోతే కింద డెల్టా పెరగడం ఆగుతుంది, సముద్రం లోపలికొస్తుంది, బోర్లలో ఉప్పు నీళ్లు పడతాయి. అక్కడ మడ అడవులు మళ్లీ పెంచడానికి చేపముల్లు ఆకారంలో చిన్న చిన్న కాలువలు తవ్వి పోటు నీళ్లు లోపలికి పారేట్టు చేస్తున్నారు. ఉప్పును తట్టుకునే పొక్కాలి వరిని కేరళ రైతులు ఒక కారు వేసి, కోతలయ్యాక అదే మడిలో రొయ్యలు పెంచుతారు.

ఇట్లాంటి చదువు, పని వల్ల ప్రాణాలు నిలుస్తాయా అంటే, నిలిచాయి. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనలో పది వేలమందికి పైగా పోయారు. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌లోనూ ఇంచుమించు అంతే. అదే ఒడిశాకు 2013లో ఫైలిన్ వస్తే దాదాపు పది లక్షలమందిని ముందే తరలించారు, చావులు పదుల్లోనే ఆగాయి. హెచ్చరిక, షెల్టర్, ఊళ్లో మాట వినిపించే మనిషి, ఈ మూడూ ఉంటే ఎంత తేడానో చూడండి. సునామీ హెచ్చరిక ఇచ్చే, వేటకు పోయేవాళ్లకు అల ఎత్తు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ కూడా సముద్రం ఒడ్డున లేదు, మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. కాకపోతే అటు పోవాలంటే ఎక్కువగా లెక్కలు, ఫిజిక్స్ కావాలి. బైపీసీ పిల్లకు అది చుట్టుదారి.

ఇక ఆ క్లైమేట్ డిగ్రీ. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. రెండేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి ఇట్లాంటి పేరున్న డిగ్రీలో చేరింది. చివరి ఏడాది ఫోన్ చేసి ఏడ్చింది. ఏ నోటిఫికేషన్ తీసినా అర్హత కాలమ్‌లో ఆమె డిగ్రీ పేరు లేదు. సబ్జెక్టులు చూస్తే కొంచెం వాతావరణం, కొంచెం పాలసీ, కొంచెం మేనేజ్‌మెంట్. చేతికి పట్టుబడిన పని ఒక్కటీ లేదు. తీరంలో ఊరివాళ్లు చేప గురించో, నేల గురించో, ఇంజనీరింగ్ గురించో, ఆరోగ్యం గురించో అడుగుతారు. ముందు అందులో ఒకటి గట్టిగా రావాలి, వాతావరణం ఆ తర్వాత పీజీలో చదవొచ్చు. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్లకైతే రూపాయి కూడా కట్టకండి.

నర్సింగ్ మంచి చదువే, గౌరవం ఉన్న పనే. ఇష్టం లేని పిల్ల మీద రుద్దితే మాత్రం నష్టం పిల్లకే కాదు, పేషెంట్లకు కూడా.

నేనైతే వనపర్తి జిల్లా పెబ్బేరులో ఉన్న ప్రభుత్వ ఫిషరీస్ కాలేజీ చూడమంటాను. బీఎఫ్ఎస్సీ, అంటే చేపల పెంపకం మీద డిగ్రీ, నాలుగేళ్లు, మీ ఇంటికి దూరమేం కాదు. రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంటుంది, షరతులు నోటిఫికేషన్‌లో చదువుకోండి. ఎప్‌సెట్ సంగతి కాలేజీవాళ్లే చెబుతారు. డిగ్రీ అయ్యాక మత్స్యశాఖ ఉద్యోగాలకు, బ్యాంకుల అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు అర్హత ఉంటుంది. అప్పటికీ తీరం మీదే మనసుంటే ముంబైలో చేపల చదువుకు కేంద్ర సంస్థ సీఐఎఫ్ఈ ఉంది, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ టిస్‌లో విపత్తుల మీద పీజీ ఉంది. ఉన్నమాట చెప్పాలంటే తీర ప్రాంత ప్రాజెక్టుల్లో చాలా ఉద్యోగాలు రెండు మూడేళ్ల కాంట్రాక్టులే. అందుకే చేతిలో గట్టి డిగ్రీ ఉండాలంటున్నాను.

దూరం గురించి మీ టెన్షన్‌కు ఇంకా నాలుగేళ్ల టైముంది. ఆలోపు పిల్లకు ఇరవై రెండేళ్లు వస్తాయి, ఆ మాట అప్పుడు ఆమెతోనే మాట్లాడుకోండి. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు మీ నాయన్ని, బిడ్డను తీసుకుని పాత ఊరి దగ్గరికి ఒకసారి పోయి రండి. ఆ తర్వాతి వారం పెబ్బేరు వెళ్లండి. అడగాల్సినవి బిడ్డనే అడగనివ్వండి, మీరు పక్కన ఉంటే చాలు.