ఉపశమన వైద్యం అంటే బిడ్డకు చికిత్స ఆపేయడమా?

కాదు, ప్రాణాపాయం ఉన్న లేదా నయం కాని జబ్బున్న బిడ్డకు నొప్పి, ఆయాసం, భయం తగ్గించి, చివరిదాకా ఒక మనిషిగా గౌరవించే వైద్యమే ఉపశమన వైద్యం, అంటే పాలియేటివ్ కేర్. జబ్బు బయటపడిన రోజు నుంచే, అసలు చికిత్సతో పాటే దీన్ని మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టాలి కూడా.

ఎందుకంటే నొప్పితో మెలికలు తిరిగే బిడ్డ ఆడలేదు, నిద్రపోలేదు, మనసులో మాట చెప్పలేదు. ముందు నొప్పి అదుపులోకి రావాలి.

పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఎముక క్యాన్సర్‌తో తిరుపతి ఆసుపత్రికి వచ్చిన తొమ్మిదేళ్ల పాపను ఊహించుకోండి. కట్టు మార్చేముందు తెర వేయాలి. ఏం చేయబోతున్నారో ఆమెకే చెప్పాలి. సూది ఏ చేతికి వేయాలో ఆమెనే అడగాలి. మంచం పక్కనే నిలబడి "ఇంకెన్నాళ్లు" అని పెద్దలు మాట్లాడుకోకూడదు. పిల్లలకు ఏమీ తెలియదని మనం అనుకుంటాం గానీ, వాళ్లు చాలా గ్రహిస్తారు. ఇంటికెళ్లి అవ్వ పక్కన పడుకోవాలని ఉందంటే, మందులు ఎప్పుడు, ఎంత వేయాలో తల్లికి నేర్పి పంపవచ్చు.

చాలామంది పొరబడేది తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ అనే మందు విషయంలో. అది వ్యసనమవుతుందని, ప్రాణం త్వరగా తీస్తుందని భయపడి బిడ్డను నొప్పికి వదిలేస్తారు. బరువును బట్టి లెక్కగట్టి, గమనిస్తూ డాక్టరు పెంచే మోతాదు నొప్పిని తగ్గిస్తుందే తప్ప ప్రాణం తీయదు. శరీరం మందుకు అలవాటుపడటం వేరు, వ్యసనం వేరు. అవసరం తీరితే మెల్లగా తగ్గించి మానిపిస్తారు. మలబద్ధకం మాత్రం సాధారణంగా వస్తుంది, దానికి మందు మొదటిరోజే అడగండి.