ఆ డబ్బు ఎవరి వాటాలోంచి వస్తుంది? ఒక యువ రచయితకు ఉత్తరం

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. జబ్బుతో ఉన్న పాపకు కావాల్సిన ఖరీదైన మందుకు డబ్బు ఇవ్వబోమని ప్రభుత్వ కమిటీ చెప్పిన రోజు ఆ పాప తల్లి ఎలా ఉందో రాసిన పేరా చాలా బాగుంది, ఎవరు కత్తిరించమన్నా కత్తిరించకు. కానీ "ప్రాణానికి వెల కట్టే హక్కు వీళ్లకు ఎవరిచ్చారు?" అన్న చివరి వాక్యం మాత్రం తీసెయ్. ఆ కోపం నాకు అర్థం కాక కాదు, నాకూ వస్తుంది. అయితే ఆ ప్రశ్నకు నిజంగానే జవాబు ఉంది, ఆ జవాబు వెతకడమే నువ్వు రాయాల్సిన వ్యాసం. నువ్వు ప్రశ్న వేసి కలం కింద పెట్టేశావు.

చాలా దేశాల్లో ప్రజల డబ్బుతో నడిచే వైద్యానికి ఏడాదికి ఇంత అని బడ్జెట్ ఉంటుంది. కొత్త మందుకు సరే అన్నారంటే ఆ డబ్బు పైనుంచి ఊడిపడదు, అదే బడ్జెట్‌లో ఇంకెక్కడో తగ్గుతుంది. ఒక చోట నర్సు పోస్టు ఖాళీగానే ఉండిపోతుంది, ఇంకో చోట తుంటి ఆపరేషన్ కోసం ఎదురుచూసే క్యూ పెరుగుతుంది, మరో చోట డిప్రెషన్‌తో వచ్చిన కుర్రాడికి కౌన్సెలింగ్ ఆరు నెలల తర్వాత రమ్మంటారు. ఆర్థిక శాస్త్రంలో అవకాశ వ్యయం అనేది ఇదే. ఇందులో నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం ఏంటంటే, అలా నష్టపోయిన మనిషికి తాను నష్టపోయానన్న సంగతే తెలియదు. మందు దక్కని పాపకు పేరుంది, ఫొటో ఉంది, ఆమె తరఫున మాట్లాడే అమ్మానాన్నలున్నారు, నీలాంటి రచయిత ఉన్నాడు. ఈ రెండో మనిషికి ఎవరూ లేరు. ఈ విషయం మీద రాయాలనుకుంటే ఆ ఇద్దరినీ ఒకే పేజీలోకి తీసుకురావాలి. నీకు చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట ఇదే, మిగతాదంతా దీన్ని ఎలా చెయ్యాలన్నదే.

ఇంగ్లండ్ ఉదాహరణ చూడు. అక్కడ 1999లో నైస్ అనే సంస్థ పెట్టారు, ఏ చికిత్సకు ప్రజల డబ్బు ఇవ్వాలో అది పరిశీలించి చెబుతుంది. పూర్తి ఆరోగ్యంతో గడిపే ఒక సంవత్సరాన్ని కొలబద్దగా తీసుకుని, అలాంటి ఒక్క సంవత్సరం అదనంగా దక్కడానికి 20,000 నుంచి 30,000 పౌండ్ల దాకా ఖర్చయితే ఫర్వాలేదన్న లెక్క ఏళ్ల తరబడి నడిచింది. ఆ హద్దు చాలా తక్కువ, కంపెనీలు కొత్త మందులు తేలేవు అని ఒక పక్క గొడవ. 2015లో యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో వైపు నుంచి చూశారు: ఆ ఆరోగ్య వ్యవస్థ మామూలుగా పెడుతున్న ఖర్చుకు అలాంటి ఒక సంవత్సరం ఎంతకు వస్తోంది? సుమారు 13,000 పౌండ్లకు అని తేలింది. దీన్ని జాగ్రత్తగా ఆలోచించు. 30,000 పౌండ్ల దగ్గర ఒక మందుకు సరే అంటే ఒక రోగికి ఒక మంచి సంవత్సరం దక్కుతుంది, పేరు తెలియని వేరే రోగుల దగ్గర రెండుకు పైగా పోతాయి. ఆ అంకె మీద ఆర్థికవేత్తల మధ్య వాదనలు ఉన్నాయి, అది కూడా రాయి. కానీ ఇది చదివాక "ఎంత పిసినారితనం" అని ఇదివరకటంత సులువుగా రాయలేవు.

ఇక ఆ కొలబద్ద సంగతి. దాన్ని క్వాలీ అంటారు, నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో దాటేశావు. అలా వద్దు, పాఠకుడు అక్కడే తప్పిపోతాడు. పూర్తి ఆరోగ్యంతో ఏడాది అంటే 1, మరణం అంటే 0. ఏడాదికి 0.6 విలువ వచ్చే స్థితిలో పదేళ్లు బతికితే 6. ఇంతవరకు కూడికలు, గుణకారాలే. ఆ 0.6 ఎక్కడినుంచి వచ్చిందన్న దగ్గరే అసలు కథ ఉంది. ఎక్కువగా వాడే ప్రశ్నావళిలో ఐదు విషయాలు అడుగుతారు: నడవగలుగుతున్నారా, సొంత పనులు చేసుకోగలుగుతున్నారా, రోజువారీ వ్యాపకాలు సాగుతున్నాయా, నొప్పి ఉందా, ఆందోళనో కుంగుబాటో ఉందా. రోగులు తమ స్థితి చెబుతారు. కానీ ఆ స్థితికి ఎన్ని మార్కులు వెయ్యాలన్నది చాలా దేశాల్లో సాధారణ ప్రజలను అడిగి తేలుస్తారు. "ఈ స్థితిలో పదేళ్లు బతకడం కావాలా, పూర్తి ఆరోగ్యంతో అంతకంటే తక్కువ ఏళ్లు బతకడం కావాలా, ఎన్నేళ్లు వదులుకుంటారు?" అని. అంటే చక్రాల కుర్చీలో ఒక్కరోజు కూడా కూర్చోని మనిషి దాన్ని ఊహించుకుని విలువ కడుతున్నాడు. ఆ కుర్చీలో ఏళ్లుగా ఉన్నవాళ్లను అడిగితే చాలాసార్లు తమ జీవితానికి అంతకంటే ఎక్కువ విలువే ఇస్తారు.

వికలాంగుల హక్కుల సంఘాల కోపం ఇక్కడ మొదలవుతుంది, అది న్యాయమైన కోపం. ఒక వికలాంగుడి ఏడాదికి ముందే తక్కువ మార్కులు వేసేశాక, అతని ప్రాణం కాపాడితే వచ్చే లాభం కూడా కాగితం మీద తక్కువగానే కనిపిస్తుంది కదా! అమెరికాలో 2010 ఆరోగ్య సంస్కరణల చట్టం, తాను పెట్టిన పరిశోధన సంస్థ ఇలా ఒక్కో క్వాలీకి ఇన్ని డాలర్లు అన్న హద్దు పెట్టి సిఫారసులు చెయ్యకూడదని అడ్డుకట్ట వేసింది. నువ్వు రాసేటప్పుడు ఈ వాదనను బలహీనం చేసి ఒక మూల పడెయ్యకు, వాళ్లు చెప్పినంత గట్టిగా చెప్పు. ఆ తర్వాత రెండో వైపు కూడా చెప్పు: నాణ్యతను లెక్కలోంచి తీసేసి ఎన్నేళ్లు బతికారు అన్నదొక్కటే చూస్తే, ఆయుష్షు పెంచకపోయినా నొప్పి తగ్గించే చికిత్సకు, మళ్లీ నడిపించే ఆపరేషన్‌కు విలువే ఉండదు. వాటి మీద ఎక్కువగా ఆధారపడేది మళ్లీ ఆ వికలాంగులే. నాకు తెలిసినంతలో దీనికి అందరూ ఒప్పుకునే పరిష్కారం ఇంకా దొరకలేదు. దొరికినట్టు నటించకు.

ఏ అంకె కనిపించినా మొదట "దేనితో పోలిస్తే?" అని అడగడం అలవాటు చేసుకో. కొత్త మందు వల్ల ఏడాది ఆయుష్షు పెరిగింది అంటారు. ఏ మందూ ఇవ్వకపోతేనా, ఇప్పటికే వాడుతున్న చవక మందు ఇస్తేనా? కంపెనీ తనకు అనుకూలంగా బలహీనమైన పోటీదారుణ్ణి ఎంచుకుందేమో చూడు. కంపెనీల డబ్బుతో జరిగిన అధ్యయనాల్లో ఫలితాలు మందుకు అనుకూలంగా రావడం ఎక్కువని పరిశోధకులు మళ్లీ మళ్లీ చూపించారు, కాబట్టి ఎవరు డబ్బు పెట్టారన్నది ఎప్పుడూ చూడాల్సిందే.

పోలిక ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి 1975 నాటి ఒక అమెరికన్ లెక్క నాకు చాలా ఇష్టం. పెద్దపేగు క్యాన్సర్ దాగి ఉందేమో చూడటానికి మలంలో రక్తం జాడ కోసం వరసగా ఆరు పరీక్షలు చెయ్యాలని అప్పట్లో సిఫారసు ఉండేది. పదివేల మందిలో దాదాపు 72 మందికి జబ్బు ఉందనుకుంటే, మొదటి పరీక్షలోనే సుమారు 66 మంది బయటపడతారు, రెండో దానితో 71 దాటుతుంది. ఆరూ కలిపి సగటు తీస్తే ఒక్కో కేసు కనిపెట్టడానికి 2,451 డాలర్లు, వినడానికి చాలా సబబుగా ఉంది. కానీ ఆరో పరీక్ష ఒక్కదాన్నీ విడిగా చూసి, అది అదనంగా పట్టుకునే ఒక్కో కేసుకు ఎంతవుతుందో లెక్కేస్తే 4.7 కోట్ల డాలర్లు తేలింది! ఆ లెక్కలోని కొన్ని ఊహల మీద తర్వాత విమర్శలు వచ్చాయి, అయినా అది నేర్పిన పద్ధతి నిలబడింది. సగటు చూపించి ఒప్పించడం చాలా సులువు. నువ్వు చివరి మెట్టు ఖర్చెంత, చివరి మెట్టు లాభమెంత అని విడిగా అడుగు. స్కానింగులు, ఏటా చేయించుకోమనే పరీక్షలు, డోసు మీద డోసు పెంచే చికిత్సలు, వీటన్నిటి గురించీ రాసేటప్పుడు ఈ ప్రశ్న పనికొస్తుంది.

ఇంకో చోట చాలామంది పొరబడతారు. లెక్క ప్రకారం ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తుంది అంటే, మన దగ్గర దానికి సరిపడా డబ్బు ఉంది అని అర్థం కాదు. హెపటైటిస్ సి మందు సోఫోస్బువిర్ 2013 డిసెంబరులో అమెరికాలో వచ్చింది, పన్నెండు వారాల కోర్సు ధర 84,000 డాలర్లు, అంటే ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. వేరే మందులతో కలిపి ఇస్తే చాలామందికి జబ్బు పూర్తిగా నయమైపోయేది. తర్వాత్తర్వాత వచ్చే కాలేయం చెడిపోవడం, మార్పిడి ఆపరేషన్, ఇవన్నీ తప్పుతాయి కాబట్టి ఆ ధరకు కూడా చాలా లెక్కల్లో అది సబబుగానే తేలింది. కానీ రోగులు లక్షల్లో ఉన్నారు. అందరికీ ఒకేసారి ఇవ్వాలంటే బడ్జెట్లు కూలిపోతాయని, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకే ముందు ఇస్తామని అనేక చోట్ల షరతులు పెట్టారు. అంటే నయమయ్యే జబ్బుతో మనిషి, అది ముదిరేదాకా ఆగాలి! దీని గురించి కోపంగా రాయాలంటే రాయి, నేనూ కోపంగానే ఉంటాను. మాత్ర ధర వెయ్యి డాలర్లు ఎందుకుండాలన్న ప్రశ్న కూడా అందులోనే ఉండాలి, ఎందుకంటే ధర దిగితే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. హద్దు అనేది ఒకటి ఉంటేనే "ఈ ధరకు వద్దు, తగ్గిస్తే చూద్దాం" అని బేరమాడే బలం ప్రభుత్వానికి వస్తుంది. నీ వ్యాసంలో కమిటీ మాత్రమే దోషిగా నిలబడింది, ధర నిర్ణయించినవాళ్లు ఎక్కడా కనిపించలేదు. ఆ లోపం సరిదిద్దు.

అలాగని అంకె చెప్పిందే తీర్పు అనుకునే పొరపాటు కూడా చెయ్యకు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం పేదలకు ఇచ్చే వైద్య పథకంలో దేనికి డబ్బు ఇవ్వాలో తేల్చడానికి 1990లో చికిత్సలన్నిటినీ ఖర్చు, ఫలితాల లెక్క మీద వరసలో పెట్టింది. పదహారు వందలకు పైగా అంశాల జాబితా. తీరా చూస్తే పళ్లకు క్యాప్ వెయ్యడం అపెండిసైటిస్ ఆపరేషన్ కంటే పైన ఉంది. లెక్క తనకు చెప్పిన పని చేసింది: క్యాప్ చాలా చవక, ఒక ఆపరేషన్ ఖర్చుతో ఎంతోమందికి వెయ్యొచ్చు. కానీ కళ్లముందు చనిపోతున్న మనిషిని కాపాడాలన్న తపన ఆ లెక్కలో లేదు. జనం ఒప్పుకోలేదు, జాబితా తిరగరాశారు. ఆ కొత్త ప్రణాళికను కూడా 1992లో కేంద్ర ప్రభుత్వం, వికలాంగుల పట్ల వివక్ష ఉందంటూ వెనక్కి పంపింది, చివరికి మార్పులు చేసి 1994లో మొదలుపెట్టారు.

థాయ్‌లాండ్ కథ నాకు ఇంకా ఎక్కువ నచ్చుతుంది. కిడ్నీలు పూర్తిగా చెడిపోయినవాళ్లకు డయాలసిస్ ఇవ్వడం వాళ్ల హద్దు ప్రకారం ఏ రకంగానూ గిట్టుబాటు కాదని అక్కడి పరిశోధకులే చెప్పారు. కానీ సొంత ఖర్చుతో డయాలసిస్ చేయించుకునే కుటుంబాలు ఆస్తులు అమ్ముకుని నేలమట్టం అవుతున్నాయి. అందుకని 2008లో డబ్బు ఇవ్వడానికే నిర్ణయించారు, ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్‌ను ముందు పెట్టి. లెక్క వేశారు, ఎంత అదనంగా ఖర్చవుతుందో అందరికీ తెలిసేలా ఒప్పుకున్నారు, ఏ కారణంతో ఆ హద్దు దాటుతున్నారో చెప్పారు. లెక్క వెయ్యకుండా ఒత్తిడికి లొంగి ఇచ్చేదానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఈ తేడా పాఠకుడికి చూపించగలిగితే నువ్వు మంచి రచయితవే.

చిన్న విషయాలు కొన్ని. భవిష్యత్తులో వచ్చే లాభానికి ఇప్పుడు తక్కువ విలువ కడతారు, నైస్ మామూలుగా వాడేది ఏడాదికి 3.5 శాతం, ఆ లెక్కన యాభై ఏళ్ల తర్వాత దక్కే ఆరోగ్యకరమైన ఏడాదికి ఇవాళ ఐదో వంతు విలువ కూడా ఉండదు. పిల్లలకు వేసే టీకాల గురించి రాసేటప్పుడు ఇది మర్చిపోకు. ట్రయల్, అంటే మందును రోగులకు ఇచ్చి చూసిన అధ్యయనం, ఎన్నాళ్లు నడిచింది, దాని మీద భవిష్యత్తును అంచనా వేసే లెక్క, అంటే మోడల్, ఎన్నేళ్లకు లెక్క కట్టింది అన్నది కూడా చూడు. రెండేళ్ల ట్రయల్ మీద నలభై ఏళ్ల జీవితాన్ని అంచనా వేసి ఉంటే, లాభంలో ఎక్కువ భాగం ఎవరూ ఇంకా చూడనిదే అన్నమాట. తప్పని కాదు, అరుదైన జబ్బుల్లో అంతకంటే ఎక్కువ సమాచారం దొరకదు కూడా. కానీ అది అంచనా అని పాఠకుడికి చెప్పాలి. ఇక చాలా దేశాల్లో ప్రభుత్వానికి ఇచ్చే డిస్కౌంట్ రహస్యం, పేపర్లో వచ్చే ధర అసలు ధర కాకపోవచ్చు, కాబట్టి "లిస్టులో ఉన్న ధర" అని స్పష్టంగా రాయి.

ఆ తల్లితో మళ్లీ మాట్లాడతానన్నావు కదా. ఆమె దగ్గర క్వాలీ గురించి పాఠం చెప్పకు, ఆమెకు దాని అవసరం లేదు, రాష్ట్రం బడ్జెట్ మొత్తాన్ని మొయ్యాల్సిన బాధ్యత కూడా ఆమెది కాదు. తన బిడ్డ కోసం ఎంతైనా అడిగే హక్కు ఆమెకుంది. రెండు వైపులా చూడాల్సింది నువ్వు. అలాగే కమిటీలో కూర్చున్నవాళ్లతో కూడా మాట్లాడు, వాళ్లలో డాక్టర్లుంటారు, రోగుల ప్రతినిధులుంటారు, వద్దని చెప్పిన రోజు వాళ్లకూ నిద్ర పట్టదు.

రెండో డ్రాఫ్ట్ పంపేముందు కమిటీ నిర్ణయపత్రం మొత్తం చదువు, సారాంశం మాత్రమే కాదు. కంపెనీ చెప్పిన అంకె ఎంత, కమిటీ నమ్మిన అంకె ఎంత, తేడా ఏ ఊహ దగ్గర వచ్చింది, ఈ మూడూ ఒక పేరాలో రాసి పంపు, దాని మీద మాట్లాడుకుందాం. ఆ మందు కోసం అడిగిన మొత్తంతో అదే ఆసుపత్రుల్లో ఇంకేం జరిగి ఉండేదో కూడా కనుక్కో. అంకె దొరక్కపోతే, నిధులు లేక క్యూలో ఆగిన ఒక్క మనిషినైనా వెతికి పట్టుకుని మాట్లాడు.

నీ అన్నయ్య