ఇరవై మందిమి, ఎవరి ఫోన్లో వాళ్లం, ఏ ఆట ఆడాలి?

ప్రశ్న: అక్కా, బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బీటీఎం చుట్టూ ఉండే తెలుగువాళ్లం ఓ ఇరవై మందిమి. ఉగాదికి కలుస్తాం, మిగతా ఏడాదంతా ట్రాఫిక్‌కి భయపడి ఎవరింటికీ ఎవరం పోం. అందుకే నెలకో శనివారం రాత్రి ఆన్‌లైన్లో ఆటలు పెట్టుకుందాం అనుకుంటున్నాం. చాలామందివి మామూలు ఫోన్లే, ముగ్గురి అమ్మలు కూడా ఆడతాం అంటున్నారు. మనిషికి యాభై వేసుకుని గెలిచినవాళ్లకి ఇద్దామని ఒకరన్నారు. మొత్తం ఎంతవుద్ది? – ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: చెల్లీ, ముందు ఆ యాభై మాట పక్కన పెట్టేయండి. డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది, స్నేహితుల మధ్యే కదా అని అందులోకి దిగొద్దు. పైగా డబ్బు వచ్చిందంటే రెండో నెలకే అలకలు మొదలవుతాయి. గెలిచినవాళ్లు వచ్చే నెల ఆట ఎంచుకుంటారు అని పెట్టండి, అది చాలు.

ఇక ఖర్చంటారా, సున్నాలో అయిపోద్ది. నా ఓటు గార్టిక్ ఫోన్ అనే ఆటకి. బ్రౌజర్లో లింక్ నొక్కితే చాలు, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, 30 మంది దాకా పడతారు. ఒకరు ఒక మాట రాస్తారు, పక్కవాళ్లు దాన్ని బొమ్మ గీస్తారు, ఆ తర్వాతవాళ్లు బొమ్మ చూసి ఏమనుకున్నారో రాస్తారు, అలా చివరికొచ్చేసరికి అసలు మాట ఎక్కడికో పోద్ది. మేం సామెతలతో ఆడాం, "అత్త సొమ్ము అల్లుడు దానం" అని రాస్తే చివరికి "గుడి ముందు పెళ్లికొడుకు" అయి కూర్చుంది, ఇప్పటికీ తల్చుకుంటే నవ్వొస్తుంది. కాకపోతే ఎంతమంది ఉంటే అన్ని వంతులు నడుస్తుంది కాబట్టి ఇరవై మందిని ఒకే రూమ్‌లో పెట్టకండి, పదేసి మంది రెండు రూమ్‌లు, ఒక్కో రూమ్‌లో ఒక అమ్మైనా ఉండేట్టు చూడండి.

ఒకరు బొమ్మ గీస్తే మిగతావాళ్లు ఆ మాటేంటో కనిపెట్టే స్క్రిబుల్ కూడా ఫ్రీయే, మన మాటలు మనమే పెట్టుకోవచ్చు కూడా, కానీ అందులో అక్షరం పొల్లుపోకుండా టైప్ చేస్తేనే పాయింట్, గోంగూరని ఒకరు తెలుగులో ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే గొడవే. ఏ లిపిలో కొట్టాలో ముందే అనుకోండి. మనలో దాక్కున్న దొంగని పట్టుకునే ఆట అమాంగ్ అస్ ఫోన్లో ఫ్రీ, కంప్యూటర్లో కొనాలి, ఫోన్లవాళ్లూ కంప్యూటర్లవాళ్లూ కలిసి ఆడొచ్చు, రూమ్‌కి 15 మంది దాకా. రాత్రి పది దాటాక కుర్రాళ్లకి అది పెట్టండి. జాక్‌బాక్స్ అని సరదా ఆటల ప్యాక్ ఉంది, ఒకరు కొంటే మిగతావాళ్లు ఫోన్ బ్రౌజర్లో చేరిపోవచ్చు, బాగుంటుంది గానీ జోకులన్నీ ఇంగ్లిష్, అమ్మలు మూగబోతారు. నేనైతే కొనను.

మాటలకి గూగుల్ మీట్ ఫ్రీలో పెడితే ఇద్దరు దాటాక 60 నిమిషాలకి కట్ అవుద్ది, సరిగ్గా ఆట రంజుగా ఉన్నప్పుడే. డిస్కార్డ్ అనే యాప్‌లో వాయిస్‌కి ఆ బాధ లేదు, కానీ అమ్మలకి అది కొత్త, శనివారం మధ్యాహ్నమే ఎవరో ఒకరు ఫోన్ చేసి లింక్ ఎక్కడ నొక్కాలో, మైక్ ఎలా ఆపాలో చేయించి చూడండి, రాత్రి తొమ్మిదింటికి అందరి ముందూ నేర్పిస్తే వాళ్లు మొహమాటపడి "మీరు ఆడుకోండమ్మా" అని వెళ్లిపోతారు.