స్పీడ్ బోటులో ఎలక్ట్రానిక్ స్టీరింగ్: కరెంటు పోతే బోటు తిరగదా?

తిరగదు, విద్యుత్తు పూర్తిగా పోతే స్టీరింగ్ చక్రం తిప్పినా వెనుక ఉన్న ఇంజను కదలదు. ఆ రెండింటినీ కలిపే ఉక్కు తీగ గానీ నూనె గొట్టం గానీ ఉండవు. చక్రం ఎంత తిరిగిందో సెన్సర్ కొలుస్తుంది, కంప్యూటర్ ఆ సంకేతాన్ని వైరులో పంపుతుంది, ఇంజనును ఒక మోటారు పక్కకు తిప్పుతుంది. అందుకే వేగాన్ని బట్టి స్పందనను మార్చుకోవచ్చు: రుషికొండ ఒడ్డుకు నెమ్మదిగా చేరే బోటుకు చక్రం కాస్త తిప్పితే చాలు, అలల మీద దూసుకెళ్లేటప్పుడు అదే చక్రాన్ని బిగువుగా ఉండేలా అమర్చవచ్చు. రెండో బ్యాటరీ లేకుండా ఇలాంటి బోటు సముద్రంలోకి వెళ్లనే కూడదు.

ఇంజను ఆగగానే బోటు మాట వినకపోతే స్టీరింగ్ చెడిందనుకుంటారు. కాదు. ఔట్‌బోర్డ్ ఇంజను, అంటే బోటు వెనుక బయటివైపు బిగించే ఇంజను, ఉన్న బోటుకు వేరే చుక్కాని ఉండదు. ప్రొపెల్లర్ నీటిని నెట్టే దిశే దాన్ని తిప్పుతుంది. ఆ నెట్టుడు లేనప్పుడు పాతకాలపు తీగ స్టీరింగైనా పెద్దగా పనిచేయదు.