పంపు విప్పించే ముందు ఇది చదువు, అల్లుడూ

అల్లుడూ,

నిన్న రాత్రి ఫోన్లో నీ టెన్షన్ నాకు అర్థమైంది. ట్రాక్టర్ వెనక మట్టి దున్నే రోటవేటర్ మోకాలెత్తు లేచి ఆగిపోతోందని, చూసినాయన దాన్ని లేపే హైడ్రాలిక్ లిఫ్ట్‌కు ఆయిల్ తోసే పంపు పోయిందన్నాడని, పొద్దున్నే విప్పిస్తానని అన్నావు. రెండు రోజులు ఆగు. ముప్పై ఏళ్లు బాలానగర్‌లో షెడ్డు నడిపినవాణ్ణి. లిఫ్ట్ లేవడం లేదని వచ్చిన ట్రాక్టర్లలో నిజంగా పంపు పోయినవి తక్కువే చూశాను.

నేనూ ఒకసారి తొందరపడ్డాను. షాబాద్ వైపు నుంచి వచ్చిన రైతు బండికి కొత్త పంపు వేశాను, లిఫ్ట్ మాత్రం ఎప్పటిలాగే ఉంది. చివరికి ఆయిల్ దించి చూస్తే ఆయిల్ వడకట్టే స్ట్రైనర్ జాలీ నిండా నూలు పోగులు. ఎవరో ఆయిల్ మార్చేటప్పుడు లోపల వేస్ట్ గుడ్డతో తుడిచారు. పంపు డబ్బులు ఆయనకు వెనక్కిచ్చాను కానీ ఆ వారంలో ఆయన పోగొట్టుకున్న అదును ఇవ్వలేకపోయాను. నీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకో. మన బోరు మోటారు సంగతి నీకు తెలుసు. నీళ్లు ఎన్ని పోస్తోందన్నది ఒకటి, ఎంత ఎత్తుకు ఎక్కిస్తోందన్నది ఇంకొకటి. లిఫ్ట్ కూడా అంతే. ఆయిల్ తక్కువగా వస్తే బరువు లేస్తుంది కానీ నిదానంగా లేస్తుంది. ప్రెషర్ చాలకపోతే ఖాళీ ఆర్మ్స్, అంటే లిఫ్ట్ చేతులు, చకచకా లేస్తాయి, రోటవేటర్ తగిలించగానే మొండికేస్తాయి. లెక్క చెబుతా చూడు. ఆయిల్ తోపుకి ఆర్మ్స్‌ను లేపే సిలిండర్ పిస్టన్ 8 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే దాని వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ప్రెషర్ ఉంటే తోపు 7,500 కిలోలు. అదే ప్రెషర్ 100కి పడితే 5,000. అంటే మూడో వంతు బలం పోయినట్టే, అది రోటవేటర్ తగిలించే కడ్డీల (లింకుల) చివర కూడా అంతే తగ్గుతుంది.

ఇప్పుడు ఆయిల్ చూడు. బండి సమంగా ఉన్న నేల మీద పెట్టు, ఆర్మ్స్ పూర్తిగా కిందికి దించు, ఇంజన్ ఆపు, ఆ తర్వాతే ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ తీయి. ఆర్మ్స్ పైకుంటే సిలిండర్లోకి వెళ్లిన ఆయిల్ లెక్కలోకి రాదు, తక్కువుందని పొరపడతావు. ఇంకొకటి అడుగుతా. మొన్న ఇటుకలు తోలడానికి పక్కవాళ్ల టిప్పింగ్ ట్రైలర్ తగిలించావు కదా? ఆ ట్రైలర్ జాక్ మీ బండి ఆయిలే తాగుతుంది. పూర్తిగా దించకుండా పైపులు విప్పితే ఆ ఆయిల్ ట్రైలర్‌తోనే పోతుంది, పైగా అందులోని పాత మురికి మీ బండిలోకి వస్తుంది. నాకు ముందుగా అనుమానం అక్కడే.

కొంచెం ఆయిల్ తీసి గాజు సీసాలో పోసి రాత్రంతా ఉంచు. పాలలాగా ఉంటే నీళ్లు కలిశాయి. బండి ఆడించి ఆపగానే తీసిన ఆయిల్లో నురుగు ఉంటే పంపు ఎక్కడో గాలి పీలుస్తోంది. పీల్చే వైపు పైపు క్లాంపు వదులైనా, అతుకు దగ్గరి రబ్బరు ఓ-రింగ్ ఎండిపోయినా అలా అవుతుంది. అక్కడ ఆయిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అందుకే పైకి కారుడు లేదని ఊరుకోవద్దు, క్లాంపులు బిగించి చూడు. గాలి పోతున్నప్పుడు లిఫ్ట్ కుదుపులుగా లేస్తుంది, పంపు గరగరమంటుంది.

స్ట్రైనర్ విప్పి డీజిల్‌తో కడుగు, పైపు వైపు ఉన్న ఓ-రింగ్ కొత్తది వేయి. గుడ్డతో తుడవొద్దు, గాలి కొట్టించు. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి గేర్‌బాక్సుకూ హైడ్రాలిక్‌కూ ఆయిల్ ఒక్కటే, కాబట్టి మాన్యువల్లో రాసిన గ్రేడే పోయి. ఇంట్లో మిగిలిన ఇంజన్ ఆయిల్‌తో లెవెల్ నింపడం మాత్రం చేయకు.

దీనికంటే ముఖ్యమైన గుర్తు ఒకటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, వేడెక్కాక బాగైతే దారిలో అడ్డం ఉంది, జాలీ చూడు. చల్లగా బాగుండి, రెండు గంటలు దున్నాక నీరసపడితే ఎక్కడో అరుగుదల ఉంది. వేడికి పలచబడ్డ ఆయిల్ ఆ సందుల్లోంచి జారిపోతుంది. అది పంపు కావచ్చు, పిస్టన్ సీల్ కావచ్చు, వాల్వ్ కావచ్చు.

సీల్ సంగతి తేల్చడం సులువు. రోటవేటర్ లేచినంత లేపి, ఇంజన్ ఆపి, నేల మీద నుంచి ఎత్తు టేపుతో కొలిచి రాసుకో. పది నిమిషాల తర్వాత మళ్లీ కొలువు. గబగబా దిగుతుంటే, లేదా ఇంజన్ నడుస్తున్నప్పుడు లివర్ కదపకుండానే ఆర్మ్స్ కిందికి జారి మళ్లీ లేస్తూ ఊగుతుంటే, సిలిండర్ సీల్‌లోనో, ఆయిల్‌ను ఆపి ఉంచే వాల్వ్‌లోనో లీక్ ఉంది. నిలిచి ఉంటే సిలిండర్‌ను ముట్టుకోకు.

ఇక ఖర్చు లేని రెండు పనులు. నాగలి లాగుడు బరువును బట్టి లిఫ్ట్‌ను కదిపే డ్రాఫ్ట్ లివర్ ఎక్కడుందో చూడు. రోటవేటర్‌కు ఎత్తు నిలిపే పొజిషన్ లివర్ మాత్రమే వాడాలి. డ్రాఫ్ట్ లివర్‌ను మాన్యువల్ చెప్పిన చోట పెట్టు. కింది లింకులకు లిఫ్ట్ రాడ్ పిన్ను రంధ్రాలు ఒకటికంటే ఎక్కువ ఉంటే, రోటవేటర్ వైపు రంధ్రంలోకి మార్చి చూడు. బలం పెరుగుతుంది, ఎత్తు కొంచెం తగ్గుతుంది. వానకు తడిసిన నల్లరేగడి రోటవేటర్‌కు ఎంత అంటుకుని ఉందో కూడా చూడు. ఆ మట్టి బరువు తక్కువేమీ కాదు.

ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వ్ మాత్రం నువ్వు తిప్పకు. ప్రెషర్ కొలిచే గేజ్ లేకుండా దాన్ని బిగిస్తే పైపో, పంపో పగిలిపోవచ్చు. నేను రాణిగంజ్‌లో 250 బార్ గేజూ దానికి అడాప్టరూ తీసుకుంటాను (బార్ అంటే దాదాపు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో). ఇంజన్ రేస్ పెంచుతుంటే ప్రెషర్ పెరుగుతూ పోతే పంపు అరుగుదల వైపు చూడాలి. ఏ రేసులోనైనా ఒకే తక్కువ అంకె దగ్గర ఆగితే రిలీఫ్ వాల్వ్. ఆ తేడా చూశాకే డబ్బు పెడదాం.

చేసేటప్పుడు ఒక్క మాట తప్పకుండా వినాలి. లేచిన రోటవేటర్ కింద తల పెట్టొద్దు. ఏ ప్లగ్గు విప్పినా ముందు రోటవేటర్‌ను నేలకు దించి, ఇంజన్ ఆపి, లివర్ రెండుసార్లు కదిపి ప్రెషర్ వదిలెయ్. లీక్ వెతకడానికి చెయ్యి పెట్టకు, అట్టముక్క పెట్టు. ఆ ఒత్తిడికి ఆయిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. చిన్న చుక్కలాగా కనిపించినా, నొప్పి లేకపోయినా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అలా వేలు పోగొట్టుకున్న కుర్రాణ్ణి నేను చూశాను.

ఆదివారం పొద్దున మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కుతాను. సీసాలో ఆయిలూ, టేపుతో కొలిచిన అంకెలూ సిద్ధంగా ఉంచు. జాలీలో ఏం దొరికినా పారేయకు, కాగితంలో చుట్టి పెట్టు, అది చూడాలి. అప్పటిదాకా రోటవేటర్ నేల మీదే ఉండనివ్వు. అక్కతో చెప్పు, నేను వస్తున్నానని.

మీ మామ