పాత పోస్టులు బయటపడ్డాయి, క్షమాపణ ఎలా చెప్పాలి?

ప్రశ్న: 2013లో రాష్ట్ర విభజన గొడవలు ముదిరిన రోజుల్లో నేను గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. అప్పట్లో తెలంగాణ యాసను ఎగతాళి చేస్తూ, అక్కడివాళ్లకు చదువుసంధ్యలు లేవన్నట్టుగా ఫేస్‌బుక్‌లో వరుసగా పోస్టులు పెట్టాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌గా ఉన్నాను. వాటి స్క్రీన్‌షాట్లను ఎవరో మా టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కరీంనగర్ నుంచి వచ్చిన మా టీమ్ అమ్మాయి అప్పటినుంచి పని విషయం తప్ప నాతో మాట్లాడడం లేదు. పోస్టులు తీసేసి ఊరుకొమ్మని స్నేహితులు అంటున్నారు. క్షమాపణ చెబితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందేమో. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: క్షమాపణ చెప్పండి, అదీ ఆలస్యం చేయకుండా చెప్పండి. తప్పు ఒప్పుకోకుండా చెప్పే క్షమాపణకు విలువ ఉండదు.

2018 డిసెంబరులో అమెరికన్ హాస్యనటుడు కెవిన్ హార్ట్‌ను ఆస్కార్ వేడుక వ్యాఖ్యాతగా ప్రకటించగానే, స్వలింగ సంపర్కులను కించపరుస్తూ ఆయన ఏళ్ల క్రితం పెట్టిన ట్వీట్లు బయటికొచ్చాయి. ఆ సంగతి గతంలోనే మాట్లాడేశానని, మళ్లీ క్షమాపణ చెప్పనని ఆయన మొదట భీష్మించారు. కొద్ది గంటల్లోనే క్షమాపణ చెప్పి ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు కానీ, అప్పటికే ఆ మాట మనసులోంచి వచ్చిందని నమ్మించే అవకాశం చాలావరకు చేజారిపోయింది.

2021 జూన్‌లో లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడుతున్న ఇంగ్లండ్ బౌలర్ ఓలీ రాబిన్సన్ వేరే దారి పట్టాడు. టీనేజీలో పెట్టిన జాతివివక్ష ట్వీట్లు మ్యాచ్ తొలిరోజే బయటపడగా, ఆ సాయంత్రమే వాటికి సిగ్గుపడుతున్నానని అందరి ముందూ చెప్పాడు. అయినా శిక్ష తప్పలేదు: 3,200 పౌండ్ల జరిమానా, 8 మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. నిషేధంలో 5 మ్యాచ్‌లను రెండేళ్లపాటు తాత్కాలికంగా నిలిపివేయడంతో, ఆగస్టులో భారత్‌తో సిరీస్‌కు మళ్లీ జట్టులోకి వచ్చాడు. మీ కంపెనీ కూడా విచారణ జరపవచ్చు. క్షమాపణ చెప్పాను కదా అని దాన్ని తప్పించుకోవాలని చూడకండి.

స్క్రీన్‌షాట్లు వచ్చిన గ్రూపులోనే రాయండి. ‘2013లో నేను తెలంగాణ యాసను, అక్కడి ప్రజలను కించపరుస్తూ పోస్టులు పెట్టాను. అవి నేను రాసినవే. అది తప్పు. మీ అందరికీ క్షమాపణ చెబుతున్నాను’ అంటే చాలు. ‘ఎవరి మనసైనా నొప్పించి ఉంటే’ అనే మాట మాత్రం రాయకండి, ఎందుకంటే నొచ్చుకున్న మనిషి మీ ఎదుటే పనిచేస్తోంది. ఉద్యమకాలపు ఆవేశం, చిన్న వయసు అనే కారణాలనూ అందులోకి తీసుకురాకండి. మన సినిమాలు ఏళ్ల తరబడి ఆ యాసను విలన్లకూ హాస్యగాళ్లకూ కట్టబెట్టాయి. బడిలో, ఆఫీసులో నోరు విప్పడానికే జంకుతూ పెరిగినవాళ్లు ఎందరో ఉన్నారు. మీ పోస్టులు ఆమెకు ఆ పాత గాయాన్నే మళ్లీ గుర్తుచేసి ఉంటాయి.

పోస్టులను తీసేయవచ్చు, కానీ క్షమాపణ చెప్పాక, తీసేస్తున్నానని చెప్పి మరీ తీసేయండి. ముందే తీసేస్తే దాచిపెట్టినట్టు అవుతుంది. పైగా స్క్రీన్‌షాట్లు ఎక్కడికీ పోవు. వాటిని గ్రూపులో పెట్టిందెవరో ఆరా తీయకండి.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది మీ హోదా. పై అధికారి గదిలోకి పిలిచి క్షమాపణ చెబితే, కింద పనిచేసే అమ్మాయి ‘పర్లేదు సార్’ అనడం తప్ప ఏం చేయగలదు? అందుకని ఆమెను విడిగా కూర్చోబెట్టకండి. ‘మాట్లాడాలనిపిస్తే నేను సిద్ధం, లేకపోయినా మీ పనిపై దాని ప్రభావం ఉండదు’ అని చిన్న సందేశం పంపి వదిలేయండి. ఆమె జవాబివ్వకపోతే మళ్లీ అడగకండి. ఆమె అప్రైజల్ రాసేది మీరే అయితే, ఈ ఏడాదికి ఆ పని మరొకరికి అప్పగించమని మీ మేనేజర్‌ను ఈ వారంలోనే ఈమెయిల్‌లో కోరండి, కారణం దాచకుండా రాయండి.